చెరువు నీళ్ళలో అమీబా పరీక్ష: పీసీఆర్ నెగెటివ్ వస్తే 'లేవు' అని రాసేయొచ్చా?

#1 చెరువుశాంపిల్

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాది. నగరంలోని చెరువులు, కాలువలు, పార్కు కొలనుల్లో జబ్బు తెచ్చే అమీబాలు ఉన్నాయా అని చూడటం నా ప్రాజెక్టు. 12 చోట్ల నుంచి అరలీటరు చొప్పున నీళ్ళు తెచ్చాను. ఐస్ బాక్సులో పెట్టి తెచ్చి, రాత్రికి ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు 0.45 మైక్రాన్ల ఫిల్టర్ మీద వడకట్టి, ఆ ఫిల్టర్‌ని అమీబాకి తిండిగా ఇ. కోలై బ్యాక్టీరియా పూసిన నాన్ న్యూట్రియెంట్ అగర్ ప్లేట్ మీద బోర్లించి 30 డిగ్రీల ఇన్‌క్యుబేటర్‌లో పెట్టాను. 12లో 9 ప్లేట్ల మీద అమీబాలు పాకాయి, బ్యాక్టీరియా తినేసిన దారులు మామూలు కంటికే కనిపించాయి.

ఇప్పుడు సమస్య ఏంటంటే, మెదడుకి పాకి ప్రాణం తీసే నేగ్లేరియా ఫౌలెరీ ప్రైమర్లతో (ఆ జీవి డిఎన్‌ఏని పట్టే చిన్న ముక్కలు) పీసీఆర్, అంటే డిఎన్‌ఏని పెంచి చూసే పరీక్ష, పెడితే 12కి 12 నెగెటివ్. కంటి జబ్బు తెచ్చే అకాంతమీబా ప్రైమర్లతో రెండిట్లో మాత్రం లీలగా బ్యాండ్, అంటే దొరికిందని చూపే గీత, కనపడింది, అది కూడా ఉందా లేదా అన్నట్టుంది. 'వ్యాధికారక అమీబాలు లేవు అని రాసి ముగించు' అంటున్నారు మా దగ్గర. నాకు మనసొప్పడం లేదు. ఆ కాలువల్లో మూడింట్లో పిల్లలు రోజూ ఈత కొడతారు, నేను శాంపిల్ తీసేటప్పుడు కూడా నీళ్ళలోనే ఉన్నారు. లేవు అని నేను రాస్తే ఆ మాట చదివినవాళ్ళు నమ్ముతారు కదా. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి, మొహమాటం అక్కర్లేదు.

#2 పాత_మైక్రోస్కోప్

ఐస్ బాక్సు దగ్గరే సగం కథ అయిపోయిందమ్మా.

కోలిఫామ్ బ్యాక్టీరియా పరీక్షకి నీళ్ళు చల్లగా తేవాలి, అది అందరికీ నేర్పేదే. నేగ్లేరియా ఫౌలెరీ అందుకు పూర్తిగా ఎదురు. అది వేడిని ప్రేమించే జీవి, 45 డిగ్రీల దాకా పెరుగుతుంది, చలి తగిలితే దాని చురుకైన రూపం, అంటే ట్రోఫోజాయిట్, చచ్చిపోతుంది. దీని కోసం తెచ్చే నీళ్ళని గది ఉష్ణోగ్రతలోనే, ఎండ తగలకుండా, వీలైతే అదే రోజు ల్యాబ్‌కి చేర్చాలి. నువ్వు రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే అది బతికుందా అని వెతికావు.

రెండోది, 30 డిగ్రీల దగ్గర ఒక్క సెట్టే పెట్టావు. ఆ వేడిలో నీళ్ళలో ఉన్న నానారకాల అమీబాలూ పెరుగుతాయి, వాటిలో చాలావాటితో మనిషికి ఏ పేచీ లేదు. త్వరగా పెరిగేవి ప్లేటంతా ఆక్రమిస్తే నీకు కావలసింది అడుగున పడిపోతుంది. ప్రతి నమూనాకి కనీసం రెండు ప్లేట్లు పెట్టు, ఒకటి 30 దగ్గర, ఇంకోటి 42 నుంచి 44 మధ్య. ఆ వేడికి చాలా జాతులు అక్కడే ఆగిపోతాయి. మిగిలినవే నువ్వు చూడాల్సినవి. రోజూ ఇన్వర్టెడ్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూడు, వారం పది రోజుల దాకా చూడు, మూడో రోజుకే పారేయొద్దు.

మూడోది, వడకట్టేటప్పుడు వ్యాక్యూమ్ గట్టిగా పెట్టి ఫిల్టర్ ఎండిపోయేదాకా లాగావా? చాలామంది చేసే పొరపాటు ఇది. ఎండితే ట్రోఫోజాయిట్లు పగిలిపోతాయి. చివర్లో కొంచెం నీళ్ళుండగానే ఆపేయాలి.

#3 చెరువుశాంపిల్

ఎండిపోయేదాకా లాగాను సర్. రెండు నమూనాలకైతే ఫిల్టర్ మట్టితో పూడుకుపోయి గంట పట్టింది.

#4 తడి_ఒండ్రు

మట్టి నీళ్ళకి 0.45 ఎందుకు పెట్టుకుంటారు? అది బ్యాక్టీరియా కోసం. అమీబా సిస్టులు, అంటే గట్టి గోడ కట్టుకున్న నిద్ర రూపాలు, 7, 8 మైక్రాన్ల నుంచి మొదలవుతాయి, 1.2 మైక్రాన్ల ఫిల్టర్ హాయిగా సరిపోతుంది, లేకపోతే మెల్లగా సెంట్రిఫ్యూజ్ చేసి అడుగున దిగింది ప్లేట్ మీద వెయ్యండి. పెద్ద మొత్తంలో నీళ్ళు పట్టాలనుకుంటే హాలో ఫైబర్ అల్ట్రాఫిల్టర్లున్నాయి, డయాలిసిస్‌లో వాడే రకం, వాటితో 50 నుంచి 100 లీటర్ల నీటిని కొన్ని వందల మిల్లీలీటర్లకి కుదించొచ్చు. విద్యార్థి ప్రాజెక్టుకి అంత దొరకదు, కానీ అరలీటరు చాలా తక్కువ, కనీసం ఒకటి రెండు లీటర్లు పట్టండి.

అసలు నా మాట ఏంటంటే, నీళ్ళు ఒక్కటే ఎందుకు చూస్తున్నారు? ఈ జీవుల కాపురం నీటి మధ్యలో ఉండదు. అడుగు బురద, గట్టు రాళ్ళ మీద జారుడు పొర, పడి కుళ్ళుతున్న ఆకులు, నాచు, తూము గోడ మీద జిగురు, బ్యాక్టీరియా దట్టంగా ఉన్న చోటే వాటికి తిండి. పైన తేలేది అక్కడి నుంచి ఊడి వచ్చింది మాత్రమే. ప్రతి చోటా ఒక స్వాబ్, ఒక చెంచాడు ఒండ్రు తీసుకుంటే మీ పట్టిక మొత్తం మారిపోతుంది. ఈత కొట్టే పిల్లలు అడుగు బురదని కాళ్ళతో లేపుతారు, ముక్కులోకి పోయేది ఆ లేచిన నీళ్ళే. అందుకని కదపని నీళ్ళు ఒక సీసా, అడుగు కలిపి లేపిన నీళ్ళు ఒక సీసా, రెండూ తీసి పోల్చండి. నీటి ఉష్ణోగ్రత అక్కడికక్కడే థర్మామీటర్‌తో చూసి రాసుకోండి. ఉదయం ఆరింటికి తీసిన నీళ్ళూ మధ్యాహ్నం మూడింటికి లోతు తక్కువ చోట తీసిన నీళ్ళూ ఒకటి కావు.

#5 పీసీఆర్_రాత్రులు

కల్చర్ సంగతి పెద్దలు చెప్పేశారు కాబట్టి నేను మీ పీసీఆర్ గురించి అడుగుతాను. ఇంటర్నల్ కంట్రోల్ పెట్టారా? అంటే తెలిసిన డిఎన్‌ఏని కొంచెం మీ నమూనాలో కలిపి, అది సరిగ్గా పెరుగుతోందా అని చూశారా? పెట్టకపోతే మీ 12 నెగెటివ్‌లకి అర్థం లేదు. కఠినంగా అంటున్నానని అనుకోకండి, నేనూ మొదటి ఏడాది ఆర్నెల్లు ఇలాగే పోగొట్టుకున్నాను.

చెరువు నీళ్ళలో, ముఖ్యంగా ఆకులు కుళ్ళిన నీళ్ళలో, హ్యూమిక్ ఆమ్లాలుంటాయి. డిఎన్‌ఏ తీసినప్పుడు దాంతోపాటే వచ్చేస్తాయి, మీ ఎక్స్‌ట్రాక్ట్ టీ డికాక్షన్ రంగులో ఉందంటే అవే. అవి పాలిమరేజ్ ఎంజైమ్‌ని పనిచేయనివ్వవు. లక్ష్యం ఉన్నా బ్యాండ్ రాదు. ముందుగా చేయాల్సిన చిన్న పని, అదే ఎక్స్‌ట్రాక్ట్‌ని 10 రెట్లు, 100 రెట్లు పలచన చేసి మళ్ళీ పెట్టండి. పలచన చేస్తే బ్యాండ్ బలపడిందా, ఇన్హిబిషన్, అంటే ఆ అడ్డు, ఉన్నట్టే. బీఎస్ఏ అనే ప్రొటీన్ కలిపితే కూడా కొంత తగ్గుతుంది.

రెండోది సిస్టు గోడ. అకాంతమీబా సిస్టుకి రెండు పొరలు, లోపల సెల్యులోజ్ ఉంటుంది. మామూలు కాలమ్ కిట్ లైసిస్ బఫర్‌లో పది నిమిషాలుంచితే అది నవ్వుకుంటూ కూర్చుంటుంది. గాజు పూసలతో బీట్ చేయాలి, లేదా గడ్డకట్టించి కరిగించడం మూడు నాలుగు సార్లు చేసి, ప్రొటీనేజ్ కే వేసి రాత్రంతా ఉంచాలి. మీకు లీలగా వచ్చిన ఆ రెండు బ్యాండ్లు దీని వల్లే అని నా అనుమానం.

ఇంకోటి, పీసీఆర్ నేరుగా నీటి డిఎన్‌ఏ మీద పెట్టారా, ప్లేట్ మీద పెరిగిన అమీబాల మీద పెట్టారా? రెండూ పెట్టండి. ప్లేట్ అంచున దూరంగా పాకిన వాటిని అగర్ ముక్కతో కోసి కొత్త ప్లేట్ మీద వేస్తే నాలుగైదు సార్లకి శుభ్రమైన కల్చర్ వస్తుంది, దాని డిఎన్‌ఏలో హ్యూమిక్ గొడవ ఉండదు. కల్చర్ బతికినదాన్నే చూపిస్తుంది, నేరుగా పెట్టిన పీసీఆర్ చచ్చినదాన్నీ చూపిస్తుంది, ఈ తేడా రిపోర్టులో రాయకపోతే చదివేవాళ్ళు రెండిటినీ కలిపేస్తారు.

#6 కంటి_ల్యాబ్

అకాంతమీబా బ్యాండ్ వచ్చిన రెండు చోట్లనీ చిన్నచూపు చూడొద్దు మేడమ్. ఫౌలెరీ రాలేదు కాబట్టి వ్యాధికారకాలు లేవు అనేసే అలవాటు అందరిలోనూ ఉంది. నేను కంటి ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. కార్నియా గీరిన నమూనాలో అకాంతమీబా సిస్టులు చూసిన ప్రతిసారీ నా కడుపులో తిప్పుతుంది, ఎందుకంటే చాలావరకు అప్పటికే ఆలస్యం అయిపోయుంటుంది. నెలన్నర పాటు హెర్పిస్ అనుకుని మందు వాడి వచ్చినవాళ్ళని చూశాను. కన్ను చూడటానికి కనిపించే దానికన్నా నొప్పి విపరీతంగా ఉందంటే దీన్ని గుర్తు చేసుకోవాలి. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుని ఈత కొట్టేవాళ్ళు, లెన్స్‌ని కుళాయి నీళ్ళతో కడిగేవాళ్ళు, కంట్లో మట్టి పడి అవే చెరువు నీళ్ళతో కడుక్కున్నవాళ్ళు, వీళ్ళే ఎక్కువ.

గుర్తుపట్టడం గురించి. అకాంతమీబా ట్రోఫోజాయిట్‌కి చుట్టూ ముళ్ళలాంటి సన్నని కొసలుంటాయి, మెల్లగా జరుగుతుంది. సిస్టు బయటి పొర ముడతలు, లోపలి పొర నక్షత్రంలా లేదా పలకలు తేలి ఉంటుంది. ఒకసారి చూస్తే మర్చిపోరు. క్యాల్కోఫ్లోర్ వైట్ అనే రంగు వేసి ఫ్లోరోసెన్స్ కింద పెడితే సిస్టులు వెలుగుతాయి. నేగ్లేరియా సిస్టు గుండ్రంగా నున్నగా ఉంటుంది, దాని ట్రోఫోజాయిట్ ఒకవైపు ఉబ్బు తన్నుకొచ్చినట్టు ముందుకు పోతుంది, వేగం ఎక్కువ. కానీ ఆకారం చూసి ప్రజాతి వరకే చెప్పగలం. అకాంతమీబాని 18ఎస్ జన్యువు క్రమాన్ని బట్టి టీ1, టీ2 అని జీనోటైపులుగా విడదీస్తారు, కంటి జబ్బుల్లో ఎక్కువగా దొరికేది టీ4. మీ బ్యాండ్‌ని సీక్వెన్సింగ్‌కి పంపి ఏ టైపో తెలుసుకోండి. మీ నీళ్ళలో టీ4 ఉందని తేలితే అది కచ్చితంగా రాయాల్సిన విషయమే.

#7 ఇద్దరు_పిల్లల_అమ్మ

నాకు మీ ల్యాబ్ భాష సగమే అర్థమైంది, క్షమించండి. నా పిల్లలు ఈత నేర్చుకుంటున్నారు. ఈ చర్చ చదివాక రాత్రి నిద్ర పట్టలేదు, ఒకటే టెన్షన్. ఈ నీళ్ళు పొరపాటున మింగితే వస్తుందా? ఇప్పటికే ఎన్నోసార్లు మింగుంటారు.

#8 వెన్నునీరు

మింగితే రాదమ్మా. ఇది ముందు చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది భయపడేది దీనికే. నేగ్లేరియా ఫౌలెరీ ముక్కులోంచి మాత్రమే మెదడుకి చేరుతుంది. నీళ్ళు ముక్కు పైభాగానికి బలంగా ఎగజిమ్మినప్పుడు, వాసన నరాల వెంట, జల్లెడలాంటి సన్నని ఎముక దాటి పైకి పోతుంది. ఒకరి నుంచి ఇంకొకరికి అంటదు. చాలా అరుదు కూడా, అమెరికాలో 1962 నుంచి 2023 వరకు లెక్కకొచ్చిన కేసులు 164. కోట్లమంది ఈత కొట్టే దేశంలో అది. భయపడాల్సింది ఎందుకంటే ఆ 164 మందిలో బతికింది నలుగురే.

చేయగలిగింది చాలా మామూలు పని. ఎండలకి వేడెక్కిన లోతు తక్కువ నీళ్ళలో దూకడం, మునకలు వేయడం మానిపించండి. ముక్కు క్లిప్ పెట్టండి, తల నీళ్ళ పైనే ఉంచమనండి, అడుగు బురద కలపొద్దనండి. సరిగ్గా క్లోరిన్ ఉన్న ఈతకొలనులో ఈ భయం లేదు. ముక్కు కడుక్కునే అలవాటున్నవాళ్ళు మరిగించి చల్లార్చిన నీళ్ళే వాడాలి.

ఈత కొట్టిన 1 నుంచి 12 రోజుల్లోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోవడం కనిపిస్తే ఆస్పత్రికి పరిగెత్తండి, వెళ్ళగానే 'ఫలానా రోజు చెరువులో ఈత కొట్టాడు' అని మీరే చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు. ఇది బ్యాక్టీరియా మెనింజైటిస్‌లాగే ఉంటుంది, ఆ ఒక్క వాక్యం వింటే డాక్టర్ వెన్నునీటిని వెంటనే తడి స్లైడు మీద చూడమంటారు. ల్యాబ్‌వాళ్ళకి నా మాట: ఆ వెన్నునీటిని కూడా ఫ్రిజ్‌లో పెట్టొద్దు. చల్లబడితే అమీబా కదలడం ఆపేస్తుంది, తెల్ల రక్తకణం అనుకుని వదిలేస్తాం. గ్రామ్ స్టెయిన్‌లో ఇది తెలియదు. 2013లో అమెరికాలో ఇద్దరు పిల్లలు బతికారు, వాళ్ళకి మిల్టెఫోసిన్ అనే మందు కూడా ఇచ్చారు. త్వరగా గుర్తించినచోటే ఆశ.

#9 ఇద్దరు_పిల్లల_అమ్మ

ధన్యవాదాలండీ. ముక్కు క్లిప్పులు ఇవాళే తెస్తాను. తలనొప్పి వస్తే చెప్పాల్సిన వాక్యం కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

#10 క్లోరిన్_ఇంజినీరు

నీటి శుద్ధి కేంద్రంలో 20 ఏళ్ళుగా ఉన్నాను. ఒక్క విషయం చెప్పి వెళ్తాను. కోలిఫామ్ సున్నా వచ్చింది కాబట్టి అమీబా లేదు అని ఎవరైనా అంటే నమ్మకండి. కోలిఫామ్ మలం కలిసిందా లేదా చెబుతుంది. అమీబాకి మలంతో సంబంధం లేదు, అది సహజంగా మట్టిలో, నీళ్ళలో బతికేది. దానికి కావలసింది వేడి, తినడానికి బ్యాక్టీరియా పొర. శుభ్రంగా కనిపించే చెరువులో కూడా ఉండొచ్చు.

ఆస్ట్రేలియాలో ఈ జబ్బు మొదట బయటపడింది. 1965లో ఫౌలర్, కార్టర్ అక్కడి కేసుల్ని వివరించారు, జాతికి ఆ ఫౌలర్ పేరే పెట్టారు. దక్షిణ ఆస్ట్రేలియాలో నేల మీద వేసిన పొడవాటి పైపుల్లో నీళ్ళు ఎండకి వేడెక్కి, క్లోరిన్ అరిగిపోయి, చివరి ఊళ్ళలో అమీబా పెరిగింది. నది నీళ్ళే అవి, పైపులోకి వచ్చాక కథ మారింది. 2013లో లూసియానాలో కుళాయి నీళ్ళలో దొరికాక అక్కడ పైపు చివరిదాకా లీటరుకి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని నిబంధన పెట్టారు. ఫౌలెరీకి ఆ మోతాదు పనిచేస్తుంది. అకాంతమీబా సిస్టు మాత్రం దాన్ని లెక్కచేయదు.

అందుకని మీ 12 చోట్లలో ఏదైనా తాగునీటికి పోతోందా, ఏదైనా ఫ్యాక్టరీ వేడి నీళ్ళు కలిసే చోట ఉందా, అది పట్టికలో ఒక గడిగా పెట్టండి. వేడి నీళ్ళు కలిసే చోట చలికాలంలో కూడా వెతకాలి.

#11 గట్టుమీద

ఇదంతా బాగానే ఉంది, కానీ నాకొక అభ్యంతరం. రేపు ఈ అమ్మాయి 'అమీబా పాజిటివ్' అని రిపోర్టు ఇస్తే అది ఫోన్లలో తిరుగుతుంది. చెరువుకి ఎవరూ రారు, చేపలు పట్టుకునేవాళ్ళ బతుకులు పోతాయి, చివరికి ఆ చెరువుని పూడ్చేయడానికి అదొక సాకు అవుతుంది. అమీబా అంటే ప్రతి చెరువులోనూ ఉండేదేగా? లేనిదెక్కడ?

#12 పాత_మైక్రోస్కోప్

న్యాయమైన మాట. చాలామంది ఆరోగ్యవంతుల రక్తంలో అకాంతమీబాకి యాంటీబాడీలుంటాయి, అంటే మనందరం ఎప్పుడో ఒకప్పుడు దాన్ని కలిసినవాళ్ళమే. అందుకే 'అమీబా పాజిటివ్' అనే మాట రాయకూడదని నేనంటాను. ఏ ప్రజాతి, ఏ జాతి లేదా ఏ జీనోటైపు, ఎన్ని డిగ్రీల దగ్గర పెరిగింది, ఎంత నీటిలో, ఏ ఉష్ణోగ్రత ఉన్న రోజు, ఇవి లేకుండా ఆ మాట ఎవరికీ పనికిరాదు, భయపెట్టడానికి తప్ప. ఫ్రాన్స్‌లో విద్యుత్ కేంద్రాలు వేడి నీళ్ళు వదిలే నదుల్లో లీటరుకి 100 ఫౌలెరీల పరిమితి పెట్టుకున్నారు. లెక్క ఉంటే నిర్ణయం తీసుకోవచ్చు, ఉందా లేదా అన్నదానితో తీసుకోలేం.

కానీ భయపడతారని దాచడానికి నేను ఒప్పుకోను. దాస్తే పైన ఆ తల్లి రాసుకున్న కాగితం ఉండేది కాదు.

#13 పీసీఆర్_రాత్రులు

44 డిగ్రీల ప్లేట్ మీద ఏదైనా పెరిగితే వెంటనే ఫౌలెరీ అని కంగారుపడకండి. నేగ్లేరియా లోవానియెన్సిస్ అని దాని దగ్గరి బంధువు ఉంది, అదే వేడికి పెరుగుతుంది, అలాగే కనిపిస్తుంది, జబ్బు చేయదు. ముందు ఫ్లాజెల్లేషన్ పరీక్ష చేయండి, ప్లేట్ మీద నుంచి అమీబాల్ని డిస్టిల్డ్ వాటర్‌లోకి కడిగి 37 డిగ్రీల దగ్గర ఉంచి గంట నుంచి నాలుగు గంటల దాకా చూస్తూ ఉండండి. తోకలు మొలిచి ఈదడం మొదలుపెడితే నేగ్లేరియా కావచ్చు. అకాంతమీబాకి ఈ రూపమే లేదు. తర్వాత ఐటీఎస్ అనే డిఎన్‌ఏ భాగాన్ని సీక్వెన్స్ చేస్తే జాతి తేలుతుంది. లోవానియెన్సిస్ దొరికినా సంతోషించి ఊరుకోవద్దు, దానికి నచ్చిన నీళ్ళు ఫౌలెరీకీ నచ్చుతాయి.

బాలముథియా అని మెదడు జబ్బు తెచ్చే ఇంకో అమీబా కూడా ఉంది కానీ ఇ. కోలై ప్లేట్ మీద అది పెరగదు, బ్యాక్టీరియా తినదు. కణజాల కల్చర్ కావాలి. మీ పద్ధతిలో దాన్ని వెతకలేదు అని రిపోర్టులో ఒక్క ముక్క రాయండి.

#14 చెరువుశాంపిల్

ఐదు వారాలకి తిరిగొచ్చాను, ఆలస్యానికి క్షమించండి. మీరందరూ చెప్పినవి వరసగా చేశాను.

పాత ఎక్స్‌ట్రాక్టులని 10 రెట్లు పలచన చేస్తే అకాంతమీబా బ్యాండ్ రెండు చోట్ల నుంచి ఏడు చోట్లకి పెరిగింది. సీక్వెన్సింగ్‌కి పంపిన నాలుగింట్లో మూడు టీ4. కొత్త నమూనాలు మధ్యాహ్నం తీశాను, ఐస్ లేకుండా, లీటరు నీళ్ళు, దాంతోపాటు ఒండ్రు, రాళ్ళ మీద స్వాబ్. పిల్లలు ఈత కొట్టే కాలువలో లోతు తక్కువ చోట నీళ్ళు 34 డిగ్రీలున్నాయి. అక్కడి ఒండ్రు 44 డిగ్రీల ప్లేట్ మీద నాలుగో రోజు పెరిగింది. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు గంటలకి తోకలు వచ్చాయి. ఆ రాత్రి ఇంటికి వెళ్ళలేదు, చేతులు వణికాయి. సీక్వెన్స్‌లో లోవానియెన్సిస్ అని వచ్చింది. అదే చోట కదపని నీళ్ళ సీసాలో ఏమీ పెరగలేదు, ఒండ్రు చూడకపోతే ఇది నాకు తెలిసేదే కాదు.

'లేవు' అన్న వాక్యం తీసేశాను. 'పరీక్షించిన లీటరు నీటిలో, 5 గ్రాముల ఒండ్రులో, ఫలానా తేదీన ఫౌలెరీ దొరకలేదు, వేడికి తట్టుకునే నేగ్లేరియా దొరికింది, అకాంతమీబా టీ4 మూడు చోట్ల దొరికింది, బాలముథియా వెతకలేదు' అని రాశాను. మా దగ్గర ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఒప్పుకున్నారు.

ఆ కాలువ దగ్గరికి వేసవి అయ్యేదాకా రెండు వారాలకోసారి వెళ్ళాలనుకుంటున్నాను. పిల్లలకి ముక్కు క్లిప్పుల సంగతి చెప్పాను, ఇద్దరు విన్నారు.

#15 పాత_మైక్రోస్కోప్

ఆ లోవానియెన్సిస్ ప్లేటు పారేయకు. మూడు వారాలకోసారి అగర్ ముక్క కోసి కొత్త ప్లేట్ మీదకి మార్చు, టేపు వేసి గది ఉష్ణోగ్రతలో ఉంచు. నీ ఫౌలెరీ ప్రైమర్లు దాన్ని పొరపాటున పట్టుకుంటున్నాయేమో చూడటానికి అంతకన్నా మంచి కంట్రోల్ నీకు దొరకదు. ఒండ్రు తీసేటప్పుడు మాస్క్ పెట్టుకో, మొహం మీదికి నీళ్ళు చిందనివ్వకు.